ప్లేటు ఉగ్గానిలో మిగిలేదెంత?

గల్లాపెట్టె నిండుతుంది. జేబు మాత్రం నిండదు! తెల్లవారుజామున నాలుగింటికే లేచి పొయ్యి వెలిగించే చిన్న హోటల్ యజమానికీ, ఆయన దగ్గర పనిచేసే వంటమాస్టరుకూ, సర్వరుకూ అంతుపట్టని చిక్కుప్రశ్న ఇది. దీనికి జవాబు కోసం పెద్ద పెద్ద పుస్తకాలు తిరగేయక్కర్లేదు. అది ప్లేటులోనే ఉంది.

అనంతపురం జిల్లా విడపనకల్లు. ఇటు గుంతకల్లు, అటు ఉరవకొండ, సరిహద్దు దాటితే కర్ణాటకలోని బళ్ళారి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి పట్టణం మైసూరు వైపు వెళ్లిపోయింది గానీ, ఉగ్గానికి మాత్రం ఎవరూ సరిహద్దు గీయలేకపోయారు. నానబెట్టి పిండిన బొరుగులు, ఉల్లిపాయ, పసుపు, పుట్నాల పొడి, పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ... రెండువైపులా పొద్దుటిపూట టిఫిన్ అంటే ఇదే.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లా ఇది. దేశంలో అతి తక్కువ వర్షం కురిసే జిల్లాల్లో ఒకటి. ఇక్కడ సేద్యం కలిసిరాని కుటుంబానికి ముందు కనిపించే దారులు రెండు. ఒకటి, బస్సెక్కి బెంగళూరు వెళ్లి ఏదో ఒక హోటల్లో పనికి కుదరడం. రెండోది, ఉన్న ఊళ్లోనే రోడ్డు పక్కన నాలుగు బల్లలు వేసి టిఫిన్ హోటల్ పెట్టుకోవడం. ఏ దారిలో వెళ్లినా అడుగుపెట్టేది ఆతిథ్య రంగంలోకే. ఆ రంగంలో నిలబడాలంటే చేతివాటం, రుచి, ఓపిక ఉంటే చాలవు. కాసింత ఆర్థికశాస్త్రం కూడా రావాలి. భయపడకండి... కూడికలు, తీసివేతలు వస్తే సరిపోయే ఆర్థికశాస్త్రమే!

గల్లాపెట్టె చెప్పే అబద్ధం

లెక్క సులువుగా అర్థం కావడానికి ఓ హోటల్‌ను ఊహించుకుందాం. అంకెలన్నీ మనం అనుకున్నవే. మీ ఊళ్లో ధరలను బట్టి మార్చుకోవచ్చు.

భార్యాభర్తలు నడుపుతున్న చిన్న టిఫిన్ హోటల్. ఇద్దరు పనివాళ్లు. ఉగ్గాని బజ్జీ ప్లేటు 40 రూపాయలు. రోజుకి వంద ప్లేట్లు పోతున్నాయి. అంటే రాత్రికి గల్లాలో 4,000 రూపాయలు. చూసేవాళ్లకి ‘అబ్బో, నెలకి లక్షా ఇరవై వేలు!’ అనిపిస్తుంది. ఇప్పుడు ఖర్చులు తీసేద్దాం.

ఖర్చులు రెండు రకాలు. మొదటిది, ప్లేటుతోపాటు పెరిగే ఖర్చు. బొరుగులు, శనగపిండి, నూనె, ఉల్లిపాయలు, మిరపకాయలు, గ్యాసు, కాగితం ప్లేటు... ఇవన్నీ కలిపి ప్లేటుకి 22 రూపాయలు అనుకుందాం. ఎన్ని ప్లేట్లు అమ్మితే అన్ని ఇరవైరెండ్లు. రెండోది, ఒక్క ప్లేటు అమ్మకపోయినా తప్పని ఖర్చు. రోజుకి అద్దె 200, ఇద్దరు పనివాళ్ల కూలి 900, కరెంటు, నీళ్లకు 100, గిన్నెలు, మరమ్మతులకు 60. మొత్తం 1,260 రూపాయలు. మొదటిదాన్ని చర వ్యయం అనీ, రెండోదాన్ని స్థిర వ్యయం అనీ అంటారు. ‘తింటే అయ్యే ఖర్చు, తలుపు తీస్తే అయ్యే ఖర్చు’ అని గుర్తుపెట్టుకుంటే ఇంకా సులువు.

40 రూపాయల్లో 22 సరుకులకు పోతే మిగిలేది 18. దాన్ని అప్పుడే లాభం అనుకోకూడదు. ఆ పద్దెనిమిదీ ముందు అద్దెకీ, కూలికీ, కరెంటుకీ జమ కావాలి. 1,260ని 18తో భాగిస్తే 70. అంటే పొద్దున్నుంచి డెబ్భై ప్లేట్లు అమ్మేదాకా ఆ దంపతులు ఇంటి యజమాని కోసం, కరెంటు బిల్లు కోసం, పనివాళ్ల కూలి కోసం పనిచేస్తున్నట్టే. వాళ్ల సంపాదన డెబ్భై ఒకటో ప్లేటుతో మొదలవుతుంది. లాభం, నష్టం రెండూ లేని ఈ గీతనే ‘బ్రేక్ ఈవెన్’ అంటారు.

వంద ప్లేట్లు అమ్మిన రోజున గీత దాటినవి 30. ముప్ఫై పద్దెనిమిదులు 540. నాలుగు వేలు నిండిన గల్లాలో ఇంటికి వెళ్లేది ఇంతే!

ఇంటి మనిషికి కూలి ఎవరిస్తారు?

ఆ 540 అయినా నిజంగా లాభమేనా? భార్యాభర్తలిద్దరూ తెల్లవారుజాము నుంచి కష్టపడుతున్నారు. ఒక్కొక్కరికి 270 రూపాయలు పడింది. వాళ్లు కూలికి పెట్టుకున్న మనిషికి వాళ్లే 450 ఇస్తున్నారు. అంటే ఆ హోటల్లో అందరికంటే తక్కువ కూలి తీసుకుంటున్నది దాని యజమానులే.

మన కుటుంబాల్లో దీన్ని ఎవరూ లెక్కలో వేయరు. ‘ఇంటి మనిషే కదా, ఆమెకు కూలేమిటి?’ అంటారు. కానీ అదే ఇల్లాలు మరోచోట పనిచేస్తే ఎంతో కొంత వచ్చేది కదా! ఒక పనిలో ఉండటం వల్ల వదులుకున్న ఆ సంపాదననే ‘అవకాశ వ్యయం’ అంటారు. సొంత కొట్టుకి అద్దె వేసుకోకపోవడం కూడా ఇలాంటిదే. ఇద్దరికీ తలా 450 వేసుకుంటే రోజుకి మరో 900 కావాలి. అంటే మరో 50 ప్లేట్లు. అసలు గీత 70 దగ్గర లేదు... 120 దగ్గర ఉంది.

ఇది తెలిసిందని రేపే హోటల్ మూసేయమని కాదు. సొంత ఊళ్లో ఉండటం, పిల్లల చదువు, పెద్దవాళ్ల బాగోగులు... వీటికీ విలువ ఉంది. కానీ ఎంత వదులుకుని వాటిని కొనుక్కుంటున్నామో తెలిసి ఉండాలి.

మరి యాభై ప్లేట్లే పోయే రోజు? 900 వస్తుంది, 1,260 ఖర్చు. 360 నష్టం. అలాంటి రోజున అసలు తలుపు తీయకపోతే మేలేమో అనిపిస్తుంది. తీయకపోయినా అద్దె, నెల జీతాలు ఆగవు కదా. అప్పుడు నష్టం 1,260. కాబట్టి ఒకటి రెండు రోజులు గిరాకీ లేదని మూసేయడం తెలివి కాదు. నెలల తరబడి డెబ్భై దాటకపోతే మాత్రం, అద్దె తగ్గించుకోవాలి, లేదంటే వేరే వేళ వేరే వంటకం మొదలుపెట్టాలి. అదీ కుదరకపోతే అప్పులు పెరగకముందే ఆ పని వదులుకోవడమే మంచిది.

జకార్తాలో నిర్ణయం... బాండలిలో మంట

శెనక్కాయ పంటకు పేరుపడ్డ జిల్లాలో కూడా చాలాచోట్ల బజ్జీలు కాగేది పామాయిల్‌లోనే. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి రావాల్సిందే. అందుకే ఎక్కడో ఏదో జరిగితే ఇక్కడ బజ్జీ మీద పడుతుంది.

2022 ఫిబ్రవరిలో రష్యా-ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. ఉక్రెయిన్ నుంచి రావాల్సిన పొద్దుతిరుగుడు నూనెకు ఆటంకాలు ఏర్పడ్డాయి. అదే ఏడాది ఏప్రిల్ 28న ప్రపంచంలోనే ఎక్కువ పామాయిల్ పండించే ఇండొనేషియా ఎగుమతులు ఆపేసి, మళ్లీ మే 23న గానీ అనుమతించలేదు. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం నూనెగింజల రైతులకు ధర దక్కాలని ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. ధరలు మండుతున్నాయని 2025 మే చివర్లో 10 శాతానికి తగ్గించింది. ఇక 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా ధర ఎక్కడికి వెళ్లిందో చట్నీ చేసే ప్రతి ఒక్కరికీ గుర్తుండే ఉంటుంది.

మన హోటల్లో సరుకుల ఖర్చు ప్లేటుకి కేవలం మూడు రూపాయలు పెరిగిందనుకోండి. మిగిలేది 18 నుంచి 15కి పడింది. ఇప్పుడు బ్రేక్ ఈవెన్ 84 ప్లేట్లు. వంద ప్లేట్లు అమ్మినా ఇంటికి చేరేది 16 పదిహేన్లు, 240 రూపాయలే. నిన్నటిదాకా 540! మూడు రూపాయలే కదా అనుకున్నది సగానికి పైగా సంపాదనను తినేసింది. సన్నని లాభం మీద నడిచే వ్యాపారంలో చిన్న మార్పులే పెద్ద దెబ్బ కొడతాయి.

రేటు పెంచాలా? ప్లేటు తగ్గించాలా?

రేటు పెంచితే గిరాకీ పోతుందని భయం. అందుకని చాలామంది ఆ పని చేయకుండా గరిటె చిన్నది చేస్తారు. బజ్జీలో మిరపకాయ సైజు తగ్గుతుంది. నూనె మళ్లీ మళ్లీ కాగుతుంది. వచ్చేవాడు ఇవన్నీ గమనించడనుకుంటే పొరపాటే. రోజూ తినే కూలీకి తన ప్లేటు బరువు బాగా తెలుసు.

ముందు భయాన్ని లెక్కలో పెట్టి చూద్దాం. సరుకుల ఖర్చు 25కి పెరిగాక ప్లేటు 45 చేశారు. మిగిలేది 20. వందమందిలో 20 మంది రావడం మానేసినా, 80 ఇరవైలు 1,600. ఖర్చు పోగా 340. పాత రేటుకి వందమందికీ పెట్టినప్పటి 240 కంటే ఇదే ఎక్కువ. వచ్చేవాళ్లు 75కి తగ్గితే సరిగ్గా 240. అంతకంటే తగ్గితేనే నష్టం. అంటే ఐదు రూపాయలు పెంచాలా వద్దా అన్నది నిజానికి ‘నలుగురిలో ఒకరి కంటే ఎక్కువమంది మానేస్తారా?’ అన్న ప్రశ్న.

జవాబు, వచ్చేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది. దారిన పోతూ ఆగిన లారీ డ్రైవరు ఐదు రూపాయల కోసం మరో హోటల్ వెతుక్కోడు. రోజూ వచ్చే వ్యవసాయ కూలీ వెతుక్కుంటాడు... లేదా ఇంట్లోనే తిని వస్తాడు. ధర మారితే గిరాకీ ఎంత మారుతుందన్న ఈ లెక్కనే అర్థశాస్త్రం ‘వ్యాకోచత్వం’ అంటుంది. బజ్జీ లేకుండా ఉత్త ఉగ్గాని పాత రేటుకే ఇస్తూ, బజ్జీతో కలిపి రేటు పెంచడం లాంటి ఉపాయాలు అందుకే పనిచేస్తాయి.

రైతు బాగుంటేనే హోటల్ బాగు

విడపనకల్లు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో పప్పుశనగ పండిస్తారు. శనగ ధర పెరిగితే శనగపిండి ధరా పెరుగుతుంది. హోటలాయనకి బెంగ. కానీ అదే ధరతో చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రైతు, కోత కూలీ వచ్చి కూర్చునేది ఆయన బల్ల మీదే! ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం. సుగ్గి రోజుల్లో కళకళలాడే హోటల్ వానలు మొహం చాటేసిన ఏడాది వెలవెలబోవడానికి కారణం వంటమాస్టరు చెయ్యి కాదు, ఊరి జేబు.

అందుకే గిరాకీ ఒక్కచోటి నుంచే వస్తుంటే ప్రమాదం. బళ్ళారి ఇనుప ఖనిజం లారీలను నమ్ముకున్న దాబాలు ఎంత వేగంగా వెలిగాయో, 2011 జులైలో సుప్రీంకోర్టు ఆ జిల్లాలో తవ్వకాలు ఆపమనేసరికి అంత వేగంగా బోసిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్ 24న సత్యసాయిబాబా కన్నుమూశాక భక్తుల రాక తగ్గి పుట్టపర్తి లాడ్జీలు, హోటళ్లు ఇబ్బందుల్లో పడ్డాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చినప్పుడైతే దేశమంతా బల్లలు తిరగేసింది. మంచి రోజుల్లో మిగిలినదాంట్లో రెండు మూడు నెలల అద్దె, కూలి పక్కన పెట్టుకున్నవాళ్లు మళ్లీ పొయ్యి వెలిగించడం తేలిక.

లాడ్జీల్లో పనిచేసేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటుంది. ఈ రాత్రి ఖాళీగా ఉన్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేం. గది అద్దె 800, దుప్పట్లు ఉతకడానికి, సబ్బుకి, నీళ్లకి 150 అనుకుంటే, రాత్రి పదకొండింటికి వచ్చిన ప్రయాణికుడికి 500కి ఇచ్చినా 350 మిగులుతుంది. ఇవ్వకపోతే సున్నా. అలాగని ఏడింటికే తగ్గించి ఇవ్వడం మొదలెడితే, 800 ఇచ్చేవాళ్లు కూడా 500 అడుగుతారు. ఎప్పుడు తగ్గాలో, ఎప్పుడు బిగించాలో తెలిసిన రిసెప్షనిస్టు యజమానికి కొండంత అండ.

వంద రోజుల అప్పు... ఎంత వడ్డీ?

చిన్న హోటళ్లను నష్టం కంటే ముందు మూయించేది అప్పు. డైలీ ఫైనాన్స్ సంగతే చూడండి. చేతికి 9,000 ఇస్తారు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ‘తొమ్మిది వేలకి వెయ్యే కదా వడ్డీ, పదకొండు శాతం!’ అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నాం కదా. వంద రోజుల సగటు చూస్తే మన చేతిలో ఉన్నది తొమ్మిది వేలు కాదు, అందులో దాదాపు సగమే. ఏడాదికి లెక్కేస్తే ఆ వడ్డీ 75 శాతం దాటుతుంది! మన హోటల్ సంపాదన 540లో రోజూ వంద దానికే పోతుంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్ర పథకంలో ‘శిశు’ విభాగం కింద 50,000 రూపాయల దాకా తాకట్టు లేకుండా బ్యాంకు రుణం ఇస్తారు. ఇల్లాలు పొదుపు సంఘంలో ఉంటే అదీ ఓ దారి. రోజువారీ లెక్క రాసిన పుస్తకం ఉంటే బ్యాంకు మేనేజరుతో మాట్లాడటం సులువవుతుంది.

జీఎస్టీ పేరు చెప్పగానే కంగారుపడతారు చాలామంది. హోటల్ సేవలకు ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్. రోజుకి 4,000 అంటే ఏడాదికి 14 లక్షల అరవై వేలు. మన టిఫిన్ హోటల్ ఆ లోపే ఉంది. గోడమీద ‘అప్పు రేపు’ అని రాసి కూడా తెలిసినవాళ్లకి ఖాతా పెట్టే హోటలాయన మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. 40 రూపాయల ప్లేటు బాకీ ఎగ్గొడితే, అందులో సరుకుల 22 రూపాయలు రాబట్టడానికే ఇంకో ప్లేటుకి పైగా అమ్మాలి.

పనిచేసేవాళ్ల లెక్క వేరే ఉంది

ఈ అంకెలన్నీ యజమానికే అనుకోవద్దు. మన హోటల్లో ఒక మనిషి కూలి 450 అంటే 25 ప్లేట్ల మీద మిగిలేది. పది ప్లేట్ల ఉగ్గాని మిగిలిపోయి పారబోస్తే 220 రూపాయలు నేలపాలు. దాన్ని పూడ్చడానికి పన్నెండు ప్లేట్లకు పైగా అమ్మాలి. ఎంత పోతుందో చూసి వండే మాస్టరు, వచ్చినవాళ్లని వెంటనే కూర్చోబెట్టే సర్వరు హోటల్‌కి ఎంత సంపాదించిపెడుతున్నారో వాళ్లకే తెలియాలి. జీతం పెంచమని అడిగేటప్పుడు ‘ఇంటి ఖర్చులు పెరిగాయన్నా’ అనడం కంటే, ‘ఈ నెల పారబోత సగానికి తగ్గించానన్నా, చూడండి’ అంటే ఆ మాటకి బలం ఎక్కువ.

బెంగళూరు ప్రయాణానికి ముందు కూడా లెక్క అవసరం. ఇక్కడ రోజుకి 450 అంటే ముప్ఫై రోజులకు 13,500. అక్కడ 18,000 ఇస్తామంటారు. గది అద్దెలో వాటా 3,500, ఊరికి రాకపోకలు, ఇతర ఖర్చులు 1,500 పోతే మిగిలేది 13,000. పెద్ద జీతం అనుకున్నది చిన్నదైపోయింది! అదే హోటల్ వసతి, భోజనం ఇస్తుంటే లెక్క తిరగబడుతుంది. కాబట్టి ‘జీతమెంత?’ అన్న ప్రశ్న వెంటనే ‘ఉండటానికి ఇస్తారా? తిండి పెడతారా? ఎన్ని గంటల పని?’ అని కూడా అడగాలి.

మరో రెండు ప్రశ్నలు... ఈఎస్ఐ ఉందా? పీఎఫ్ కడతారా? పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే హోటళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది. నెలకు 21,000 లోపు జీతం ఉన్నవాళ్లు అర్హులు. 18,000 జీతంలో పనివాడి వాటా 0.75 శాతం, అంటే 135 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, 585 రూపాయలు. ఇరవై మంది, ఆపైన ఉంటే పీఎఫ్ వర్తిస్తుంది. జీతంలో కోత పడుతోందని వీటిని వద్దనుకుంటే, యజమాని మన పేరున కట్టాల్సిన డబ్బు వదులుకున్నట్టే. హోటళ్లు, రెస్టారెంట్లలో పనివారికి రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ఒకటుందనీ మరవకూడదు.

ఇదే పాత అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఊళ్లో ఇంకో పని దొరుకుతుందంటే ప్రతి పనివాడికీ బేరమాడే బలం వస్తుంది. హోటల్‌కి మనుషులు దొరకడం లేదని విసుక్కునే యజమాని కూడా ఈ సంగతి గమనించాలి. తక్కువ కూలికి వచ్చి రెండు నెలల్లో మానేసే మనిషి కంటే, యాభై ఎక్కువిస్తే నిలకడగా ఉండే మనిషే చవక. కొత్తవాడు పని నేర్చుకునేదాకా మాడిన బాండలి, పగిలిన గ్లాసులు, అలిగి వెళ్లిపోయిన గిరాకీ... అవన్నీ ఖర్చే కదా!

రాత్రికి ఐదు అంకెలు

వీటన్నిటికీ కంప్యూటరు అక్కర్లేదు. పదోతరగతి చదివే పిల్లల నోటుపుస్తకం ఒకటి చాలు. రోజూ కొట్టు కట్టేసే ముందు ఐదు అంకెలు రాయాలి. ఎన్ని ప్లేట్లు అమ్మాం? సరుకులకు ఎంతయింది? ఎంత పారబోశాం? ఎంత బాకీ పెట్టాం? ఇంటికి ఎంత తీసుకెళ్లాం? గల్లాలోంచి ఇంటికి తీసే డబ్బు రాయకపోవడం వల్లే చాలామందికి తమ హోటల్ బాగా నడుస్తోందో, మునుగుతోందో తెలియదు. లెక్క రాసే పని ఇంట్లో చదువుకున్న అమ్మాయికో, అబ్బాయికో అప్పగిస్తే ఇంకా మంచిది. ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తోందో వాళ్లకీ తెలుస్తుంది.

వాన ఎప్పుడు పడుతుందో, నూనె ధర ఎప్పుడు పెరుగుతుందో మన చేతిలో లేదు. ఎన్నో ప్లేటు దగ్గర మన సంపాదన మొదలవుతుందో మాత్రం ఈ రాత్రే తెలుసుకోవచ్చు. ఆ అంకె తెలిసినవాళ్లకి రేటు పెంచాలన్నా, జీతం అడగాలన్నా, అప్పు వద్దనాలన్నా ధైర్యం ఉంటుంది.